ఎనిమిదేళ్ల ఎడమ పురి

నాకు బొమ్మలు రావు. ఆకు గీస్తే వంకాయ అంటారు, పువ్వు గీస్తే సీలింగ్ ఫ్యాను అంటారు. బోటనీ చెప్పే మనిషికి ఇది చిన్న లోపం కాదు. అందుకే నాకు బాగా వచ్చిన ఒకే ఒక్క బొమ్మ మీద కాస్త ఎక్కువ మమకారం. అది డీఎన్ఏ బొమ్మ. మెలితిప్పిన నిచ్చెనలా ఉంటుంది కదా, అదే. సుద్దముక్క బోర్డు పైఅంచున ఆనించి, చెయ్యి ఎత్తకుండా ఎస్ అక్షరాలు గొలుసుగా రాసుకుంటూ కిందిదాకా దిగిపోతాను. తర్వాత రెండో పోగు, మొదటిదాని వెనక నుంచి. ఆ తర్వాత అడ్డంగా మెట్లు. అంతా కలిపి ఒక నిమిషం పట్టదు. ప్రతి ఏడాదీ రెండో సంవత్సరం పిల్లలు ఆ నిమిషం సేపూ కిక్కురుమనకుండా చూసేవాళ్లు. ఒక బ్యాచ్ పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకో బ్యాచ్ వాళ్లయితే ఫేర్‌వెల్ రోజున కాలేజీ వరండాలో నా బొమ్మనే ముగ్గుగా వేశారు. ఎనిమిదేళ్లు అదే నా ప్రతాపం.

మా కాలేజీ ములకలపల్లి దగ్గర, రోడ్డు అడవిలోకి మలుపు తిరిగే చోట ఉంది. ఆడపిల్లల జూనియర్ కాలేజీ, అందులోనే హాస్టలు. నేను ముదిగొండ వైపు నుంచి వచ్చినదాన్ని. మా తాతలు కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలాలు కొనుక్కున్నారు కాబట్టి మా ఇంట్లో ఇప్పటికీ 'ఏంటి' అంటారు. ఇక్కడ అందరూ 'ఏంది' అంటారు. నేను ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటాను. కాలేజీలో నాకు దగ్గరి మనిషి ఫిజిక్స్ మేడమ్. చండ్రుగొండ పక్కన తండాలో పుట్టి పెరిగింది. నాకంటే ఆరేళ్లు చిన్న. నన్ను 'అక్కా' అని పిలుస్తుంది కానీ ఆ పిలుపులో గౌరవం కన్నా వెక్కిరింత పాలు ఎక్కువ.

రెండేళ్ల కిందట ఖమ్మంలో కాలేజీలన్నిటికీ కలిపి సైన్స్ ప్రదర్శన పెడుతున్నారని కబురొచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ స్టాఫ్ రూములోకి వచ్చి ముందే తేల్చేశారు.

"ఈసారి థర్మాకోల్ సౌరకుటుంబం బంద్. మూడేండ్ల సంది అదే తీస్కపోతున్నం. పోయినసారి బస్సుల శనిగ్రహం ఊడిపోయింది. ఇంకేదన్న చెప్పుండ్రి."

"డీఎన్ఏ చేద్దాం మేడమ్, ఆరడుగుల ఎత్తు," అన్నాను నేను, ఆవిడ మాట పూర్తికాకముందే.

"అక్కకు వచ్చింది గదొక్కటే బొమ్మ," అంది ఫిజిక్స్ మేడమ్ టీ తాగుతూ.

బొమ్మ అయితే వచ్చు కానీ ఆరడుగులది దేనితో చెయ్యాలో తెలియలేదు. ఇనప తీగ వంగిపోతుంది, ప్లాస్టిక్ గొట్టం వంగదు. క్లాసులో పిల్లల్ని అడిగాను. రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి లేచింది. అడవి అంచు ఊళ్లోంచి వచ్చే పిల్ల. ప్రశ్న అడిగితే తప్ప నోరు తెరవదు, తెరిస్తే మాత్రం తడుముకోదు.

"మా తాత తాళ్లు పేనుతడు మేడమ్, గోగునారతోని. తాళ్ల నిచ్చెన గూడ పేనుతడు. తేనె కొట్టనీకె చెట్టెక్కుతరు గదా, దానికి."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె నోట్సు తీసి చూశాను. బోర్డు మీది నా బొమ్మను అచ్చుగుద్దినట్టు దించుకుంది. "ఇది మీ తాతకు చూపించు. మూడు చుట్లు తిరగాలి, చుట్టుకి పది మెట్లు. అంతే చాలు," అన్నాను. దసరా సెలవులకు ఇంటికి వెళ్తూ ఆ అమ్మాయి నోట్సు పట్టుకుపోయింది.

సెలవుల చివర నేనూ ఫిజిక్స్ మేడమూ స్కూటీ మీద ఆ ఊరు వెళ్లాం. ఇంటి ముందు పందిట్లో వాసానికి వేలాడుతూ కనిపించింది నా డీఎన్ఏ. మణికట్టంత లావున రెండు గోగునార తాళ్లు, మధ్యలో చెక్కి నునుపు చేసిన వెదురు పుల్లలు. మొత్తానికి చింతగింజల బంక పూసి ఎండబెట్టారు. వేలితో కొడితే కర్రలా టకటకమంది. నేను అలా నోరు తెరుచుకుని చూస్తుండగా తాత లోపల్నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చాడు. వెంటనే లోపలి నుంచి అవ్వ తమ భాషలో ఏదో గట్టిగా అంది.

"ఏమంటోంది?" అని అమ్మాయిని అడిగాను.

"ఎడం చెయ్యితోని ఇచ్చిండని తిడుతుంది మేడమ్. పెండ్లయిన కాన్నుంచి తిడుతనే ఉందట."

తాత నవ్వి, చెంబు వెనక్కి తీసుకుని, కుడిచేత్తో మళ్లీ ఇచ్చాడు. తర్వాత వాసానికి వేలాడుతున్న తన పనితనం వైపు చూపించి అడిగాడు.

"ఇది దేనికి బిడ్డా?"

"ఇది మన ఒంట్లో ఉంటుంది తాతా. తల్లి పోలిక, తండ్రి పోలిక వచ్చేది దీని వల్లే."

"ఇంత పొడుగుదా?"

"కాదు కాదు, చాలా సన్నం. కంటికి కనపడదు."

"కనపడంది పురి పెట్టి ఉన్నదని ఎట్ల తెలిసింది?"

ఎనిమిదేళ్లలో ఏ విద్యార్థినీ నన్నడగని ప్రశ్న అది. దాని మీదికి ఎక్స్‌రేలు పంపితే అవి పక్కకు చెదిరిపోతాయనీ, చెదిరిన మరకల్ని బట్టి లెక్కగట్టారనీ చెప్పాను. "దవాఖానల తీస్తరు, గదేనా?" అన్నాడు. అలాంటిదే అన్నాను. ఆయన దాన్ని అవ్వకు తమ భాషలో చెప్పాడు. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. ఏం చెప్పాడో అమ్మాయి నాకు చెప్పలేదు.

ఖమ్మం ప్రదర్శన రోజున మా డీఎన్ఏ చుట్టూ జనం మూగారు. పుల్లలకు పిల్లలు నాలుగు రంగులు వేశారు. ఎరుపుకు పసుపు జత, నీలానికి ఆకుపచ్చ జత. అమ్మాయి పక్కన నిలబడి గుక్క తిప్పుకోకుండా వివరిస్తోంది. నేను ఎవరూ అడగకపోయినా "గోగునారండీ, అంతా చేత్తోనే" అని దారిన పోయేవాళ్లకు చెబుతున్నాను.

మధ్యాహ్నం నిర్ణేతలు వచ్చారు. వాళ్లలో ఒక పెద్దాయన, రిటైరైన ప్రొఫెసరు, మా దగ్గర ఆగి చాలాసేపు చూశారు. ముందుకు వంగి చూశారు. కళ్లద్దాలు తీసి చూశారు. తర్వాత తన చేతిలోని మంచినీళ్ల సీసా మూత విప్పి, సీసాను మా మోడల్ పక్కన నిలబెట్టారు.

"అమ్మా, ఈ సీసా మెడ మీద మర చూడు. గీతలు ఎటు ఎక్కుతున్నాయి?"

అమ్మాయి చూసింది. "ఎడమ దిక్కు నుంచి కుడి దిక్కుకు మీదికి పోతున్నయ్ సార్."

"మరి మీ తాళ్లు?"

అమ్మాయి మోడల్ వైపు చూసింది. నేనూ చూశాను. మనకు ఎదురుగా కనపడే తాడు కుడి నుంచి ఎడమకు పైకి ఎక్కుతోంది. సీసా మరది కుడి పురి. మాది ఎడమ పురి.

డీఎన్ఏది కుడి పురి. ఇది పాఠంలో ఉంది. నేనే చెబుతాను. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న కూడా వస్తుంది. అప్పుడు ఎం.ఎస్సీ.లో పరీక్ష కోసం చదివి, పరీక్ష అయిన సాయంత్రమే మర్చిపోయిన సంగతొకటి ఎక్కడి నుంచో తన్నుకొచ్చింది. డీఎన్ఏ ఎప్పుడూ ఒకే ఆకారంలో ఉండదు. మామూలుగా, తడిలో ఉన్నప్పుడు ఉండే, పాఠంలో చెప్పే రూపాన్ని 'బి' అంటారు. తడి ఆరిపోతే కాస్త పొట్టిగా, లావుగా మారుతుంది. అది 'ఎ'. ఈ రెండూ కుడి పురే. మూడోది ఒకటుంది, 'జెడ్'. అది ఎడమకు తిరుగుతుంది.

"సార్, ఇది జెడ్ రూపం సార్," అన్నాను.

పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి. "ఓహో! చాలా సంతోషం. జెడ్ చేసినవాళ్లను నేనింతవరకు చూడలేదు. అయితే చుట్టుకి ఎన్ని మెట్లు పెట్టారు?"

నేను నోరు తెరిచేలోగా అమ్మాయి ఉత్సాహంగా అంది. "పది సార్!"

"జెడ్‌కి పన్నెండు కదమ్మా. పైగా దాని పోగు ఇంత నున్నగా వంపు తిరగదు. అటొకసారి ఇటొకసారి విరుగుతూ, గతుకులుగతుకులుగా పోతుంది. అందుకే దానికి ఆ పేరు."

అమ్మాయి నా వైపు తిరిగింది. "మేడమ్, మనం తెచ్చింది బి గదా?"

పెద్దాయన మంచి మనిషి. సీసా మూత బిగించుకుంటూ, "పత్రికల్లో, గోడల మీద, పెద్దపెద్ద పుస్తకాల అట్టల మీద కూడా ఇదే పొరపాటు చూస్తుంటాను. మీరొక్కరే కాదు. పనితనం మాత్రం అద్భుతం," అని వెళ్లిపోయారు.

ఆయన అటు వెళ్లగానే నేను మోడల్‌ను స్టాండు మీంచి ఊడబీకి తలకిందులుగా నిలబెట్టాను. చూశాను. ఎడమ పురే. మళ్లీ తిప్పాను. ఎడమే. పక్క స్టాల్ వాళ్లు ఆసక్తిగా చూస్తున్నారు. ఫిజిక్స్ మేడమ్ కుర్చీలో కూర్చుని మిర్చి బజ్జీ తింటూ నా అవస్థ అంతా చూసింది.

"అక్కా, దాన్ని ఎంత తిప్పినా గంతే. మర బోల్టును తలకిందులు పెడితే పురి మారుతదా? అద్దంల చూస్తేనే మారుతది."

"మరి ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు మూడోసారి గూడ తిప్పుతవేమోనని చూస్తున్న. హాస్టల్ల నిలువుటద్దం ఉన్నది, తెచ్చి ముంగట పెడుదామా? జనం అద్దంల జూసుకుంటరు."

విప్పి మళ్లీ పురి పెడదామంటే చింతగింజల బంక రాయిలా బిగుసుకుపోయింది. బహుమతి రాలేదు. బస్సులో మోడల్‌ను సీట్ల మధ్య నిలబెట్టాం. కండక్టర్ దాన్ని కిందికీ మీదికీ చూసి, "మేడమ్, దీనికి హాఫ్ టికెట్టా, ఫుల్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బస్సు చాలా దూరం వచ్చాక మెల్లగా అడిగింది.

"మేడమ్, తాత తప్పు చేసిండా?"

నేను అప్పుడు చెప్పిన జవాబు తల్చుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. చాలా దయగా, చాలా పెద్దమనిషి తరహాలో చెప్పాను. "తప్పని కాదమ్మా. మీ తాతది ఎడమచేతి వాటం కదా. పురి కూడా అటే తిరిగి ఉంటుంది. పెద్దాయన, పోనీలే."

అమ్మాయి తల ఊపింది.

తర్వాతి ఆదివారం హాస్టల్లో పిల్లల్ని చూడటానికి ఇంటివాళ్లు వచ్చే రోజు. నేనూ ఫిజిక్స్ మేడమూ డ్యూటీలో స్టాఫ్ రూములో కూర్చున్నాం. తాత వచ్చాడు. భుజం మీద తాడు చుట్ట, చేతిలో మనవరాలి నోట్సు. వెనకాల అమ్మాయి. ఆయన మొహంలో కోపం లేదు. కరెంటు మీటరు సరిగా తిరగడం లేదని ఫిర్యాదు చేయడానికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"మేడమ్, నా పురి తప్పన్నరంట."

"అయ్యో, అలా కాదు తాతా, కూర్చో..."

ఆయన కూర్చోలేదు. తాడు చుట్ట విప్పి బల్ల మీద పరిచాడు. "ఇది నేను పేనిందే. చూడు. ఎటున్నది?"

చూశాను. కుడి పురి. దారం పట్టుకుని గీసినట్టు ఒక్క తీరుగా ఉంది.

"నాది ఎడం చెయ్యే. అబద్ధమెందుకు? కానీ నేను పేనేది కుడిపురే. మా నాయిన కొట్టి మరీ నేర్పిండు. ఊళ్లె తాళ్లన్నీ ఒక్క తీరుండాలె బిడ్డా. కుడిపురి తాడుకు ఎడంపురి తాడు కలిపి బరువు గుంజితే దానిది ఇది, దీనిది అది విప్పుకుంటది. మీద మనిషుంటడు గదా, చెట్టు మీద!"

"మరి మా మోడల్..."

"మొదలు కుడికే పెట్టిన. సగం అయినంక, సరిగ్గున్నదా లేదా అని బుక్కు తీసి చూసిన." నోట్సు తెరిచి బల్ల మీద పెట్టాడు. "ఇగో, ఎడమకుంది. మొత్తం విప్పి మళ్ల పెట్టిన. రెండు దినాలు పట్టింది. చదువుకున్నోళ్లు గీసిండ్రు, అండ్ల ఏదో మతలబు ఉంటదనుకున్న."

ఫిజిక్స్ మేడమ్ లేచి వచ్చి, బల్ల మీది నీళ్ల సీసా మూత తీసి, నోట్సులో బొమ్మ పక్కన పెట్టింది. బొమ్మ చూసింది, సీసా చూసింది, నన్ను చూసింది.

"నువ్వు దించుకున్నప్పుడు తిరగబడిందేమో," అన్నాను అమ్మాయితో, ఆఖరి ఆశగా.

"లేదు మేడమ్. మీరు గీసినట్టే గీసిన."

నేను లేచి గోడకున్న చిన్న బోర్డు మీద సుద్దముక్క ఆనించాను. ఎస్ అక్షరాలు గొలుసుగా. చెయ్యి దానంతటదే దిగిపోయింది. ఎస్ అక్షరం నడుము ఎటు వాలుతుందో అప్పుడు చూశాను. ఎనిమిదేళ్లుగా అది ఎడమ పురే. వెనక్కి తిరిగి చూస్తే ఫిజిక్స్ మేడమ్ నిలబడి లేదు. నవ్వు ఆపుకోలేక కింద కూర్చుంది.

"ఎనిమిదేండ్లు అక్కా! వరండల ముగ్గు గూడ ఏసిండ్రు!"

పాఠ్యపుస్తకంలో బొమ్మ సరిగ్గానే ఉంది. కానీ నాకు వచ్చిన ఏకైక బొమ్మ కదా, దాని కోసం పుస్తకం తెరవాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. పైగా తప్పును ఎత్తుకెళ్లి ఒక ముసలాయన ఎడమ చేతి మీద పెట్టాను.

"తప్పు నాది తాతా," అన్నాను. "నీది కాదు. అలా అన్నందుకు కూడా తప్పు నాదే."

"అయితే నాది గాదు గదా?"

"అసలే కాదు."

"గదే ఒక కాయితం మీద రాసియ్యి."

మొదట హాస్యమాడుతున్నాడనుకున్నాను. కాదు. మోడల్ ఖమ్మం పోయిందని ఊరంతా తెలుసట, మనవరాలు ఫోన్‌లో చెప్పాక తప్పొచ్చిందనీ తెలిసిందట. అవ్వ అయితే 'ఎడం చెయ్యి, ఎడం చెయ్యి' అని నాలుగు రోజులుగా అదే పాటట. నేను తెల్లకాగితం తీసుకుని రాశాను: తాడు పేనడంలో ఈ పెద్దాయన తప్పేమీ లేదు, బొమ్మ తప్పుగా గీసింది బోటనీ చెప్పే నేనే. కింద సంతకం పెట్టాను. "స్టాంపు గూడ కొట్టు అక్కా," అని ఫిజిక్స్ మేడమ్ ఆఫీసు గదిలోంచి కాలేజీ ముద్ర తెచ్చింది. అమ్మాయి దాన్ని తాతకు చదివి వినిపించింది. 'నేనే' అన్న చోట కొంచెం గట్టిగా చదివింది. తాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకున్నాడు.

మర్నాడు క్లాసులో చెప్పేశాను. చెప్పే ముందు హాస్టల్ వెనక పెరట్లోంచి కర్రతో సహా చిక్కుడు తీగ పీకించి తెచ్చాను. చిక్కుడు కూడా కుడి పురిగానే చుట్టుకుంటుంది. రోజూ ఆ తీగ పక్కనుంచే నడిచి వెళ్లి బోర్డు మీద ఎడమ పురి గీశానన్నమాట. పిల్లలు మొదట నమ్మలేదు, తర్వాత నవ్వారు. పాత విద్యార్థినుల వాట్సాప్ గ్రూపులో క్షమాపణ పెట్టాను. గంటలో అరవై మెసేజ్‌లు. ఒకమ్మాయి హైదరాబాద్ నుంచి రాసింది: 'మాకు అప్పుడే డౌటొచ్చింది మేడమ్. మీరంత మంచిగ గీస్తుంటే ఆపబుద్ధి కాలే.' ఇంకొకామె, 'పరీక్షల ఫుల్ మార్కులు వేసిండ్రు మేడమ్, వాపస్ అడగరు గదా?' అని రాసింది. అంటే పేపర్లు దిద్దినవాళ్లు కూడా నాలాంటివాళ్లేనని అర్థమై కాస్త ఊరట కలిగింది.

కథ అక్కడితో అయిపోయేదే. కానీ మరుసటి వానాకాలం మొదట్లో అమ్మాయి చేత తాత కబురు పంపాడు. ఆ ఒంట్లో నిచ్చెన మూడు తీర్లుగా ఉంటుందని మనవరాలు చెప్పిందట. మూడూ పేనుతానన్నాడు. ఈసారి బొమ్మ పంపొద్దు, మనిషినే రమ్మన్నాడు.

నాలుగు ఆదివారాలు వెళ్లాను. 'బి' ఆయనకు నల్లేరు మీద నడకే. ఎంతైనా అలవాటైన కుడి పురి. 'ఎ'కి చుట్టుకి పదకొండు మెట్లు, మెట్లు కూడా అడ్డంగా కాకుండా ఒక పక్కకు వాలి ఉండాలి. చుట్టు బిగుతుగా ఉంటుంది కాబట్టి మొత్తం పొట్టిగా, లావుగా వస్తుంది. అది తడి ఆరిపోతే వచ్చే రూపమని చెప్పినప్పుడు ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఎండితే పొట్టిదైతదా? మా తాడు తడిస్తే పొట్టిదైతది. వానల తడిసి ఉబ్బుతది, గుంజుకపోతది. ఎండితే మళ్ల సాగుతది."

"దీనికి అలా కాదు తాతా. తడి ఉంటేనే పొడుగు."

"అయితే మీది ఉల్టా తాడు."

'జెడ్' దగ్గర మాత్రం ఇద్దరం తిప్పలు పడ్డాం. తాడు ఎంత వంచినా గతుకులు నిలవలేదు, జారి నున్నగా అయిపోయేది. చివరికి ఆయనే వెదురు ముక్కల్ని నిప్పుసెగ మీద కాచి వంచి, ఒక్కో వంపునూ తాడుకు ఆనించి కట్టాడు. చుట్టుకి పన్నెండు మెట్లు పడ్డాయి. చేతులు ఆడుతుండగా అడిగాడు.

"ఇది ఎడమకు ఎందుకు తిరుగుతది? దానికేం కష్టమొచ్చింది?"

"పరీక్ష గొట్టంలో అయితే, ఉప్పు ఎక్కువ వేస్తే తిరుగుతుంది."

"ఉప్పెక్కువైతే నేను గూడ పళ్లెం కాన్నుంచి అటే తిరుగుత," అన్నాడు. అవ్వకు అది తెలుగులోనే అర్థమైనట్టుంది, లోపల్నుంచి గిన్నె చప్పుడైంది.

ఒంట్లో అయితే ఆ దారంలోని పోలికల రాతను కణం చదివే పని జరుగుతున్నప్పుడు, మెలి వదులై అక్కడక్కడ కాసేపు ఎడమకు తిరిగి, పని అయ్యాక మళ్లీ కుడికి వచ్చేస్తుందని చెప్పాను. ఆయన అప్పుడే కట్టిన వంపును వేలితో తడిమాడు. తర్వాత, "అంటే ఊకె ఒక్క తీర్గ ఉండదు," అన్నాడు.

"ఉండదు తాతా. పుస్తకంలో బొమ్మకే ఒక్క తీరు. అసలుది కదులుతూనే ఉంటుంది. ఒక చోట వంగుతుంది, ఒక చోట బిగుస్తుంది, ఒక చోట వదులవుతుంది."

"మరి గట్లనే ఉండాలె. కదలకుంటే దాన్ని చదువుడెట్ల?"

ఈ మాట నేను క్లాసులో నా మాటగా చెప్పాను. తర్వాత మనస్సాక్షి ఒప్పక ఆయన మాటేనని చెప్పాను.

మూడు మోడళ్లూ తీసుకుని ఆ ఏడాది మళ్లీ ఖమ్మం వెళ్లాం. అమ్మాయి అప్పటికి ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరింది. అయినా ఆ రోజు కాలేజీ ఎగ్గొట్టి వచ్చి, జూనియర్ల పక్కన నిలబడింది. కిందటేటి పెద్దాయనే నిర్ణేతగా వచ్చారు. సీసా తీయబోయి, మోడళ్లను చూసి, మళ్లీ సంచిలో పెట్టేసుకున్నారు. 'జెడ్' ముందు వంగి మెట్లు లెక్కపెట్టారు. పన్నెండు. ఇంకోసారి లెక్కపెట్టి, "ఎవరు చేశారు?" అని అడిగారు. అమ్మాయి, "మా తాత సార్. ఎడం చెయ్యి," అంది. మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది పొగ చిమ్మే అగ్నిపర్వతానికి ఇచ్చారు. ఫిజిక్స్ మేడమ్ ఇప్పటికీ దాన్ని క్షమించలేదు.

బహుమతి కప్పు చూపించడానికి ఆ ఊరు వెళ్లినప్పుడు తాత నాకు తాడు పేనడం నేర్పుతానన్నాడు. ఎదురుగా కూర్చోబెట్టి, రెండు పాయల నార చేతికిచ్చి, తొడ మీద ఎలా దొర్లించాలో చూపించాడు. ఆయన చేతిలో పామై జరజరా సాగే నార నా చేతిలో పిచ్చుక గూడు అయింది. అరగంటకు మూరెడు వచ్చింది. ఒక చోట వేలంత లావు, ఒక చోట దారమంత సన్నం. పురి కొంతదూరం కుడికి పోయి, మధ్యలో ఏం తోచిందో ఎడమకు తిరిగింది. అరిచేయి ఎర్రగా కమిలిపోయింది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఏ అక్షరం మేడమ్?" అన్నాడు చాలా గంభీరంగా.

అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఇంతలో అవ్వ వచ్చి, తాత చేతిలోంచి ఆ మూరెడు తాడు తీసుకుని, ఏదో అంటూ పోయి మేకపిల్లను గుంజకు కట్టింది. 'మేడమ్ పేనింది, ఊరికే పోవద్దు' అన్నదట. మేము టీ తాగడం పూర్తికాకముందే మేకపిల్ల ఆ తాడును సగం నమిలేసి, మిగిలిన సగం మెడలో వేలాడేసుకుని, పందిరి దాటి చిక్కుడు పాదు వైపు నడిచిపోయింది.